సిరాకు సన్మానం

యానాం పౌరుల నాలుకలకు సంస్కారం కలిగించే సభ 2006 జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, కనకాలపేటలో రొయ్యల చెరువుల యజమాని ఉమామహేశ్వరం గారి ఇంట్లో జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అంతవరకూ ఇక్కడివాళ్ళకు తాగడమే తెలుసు, ఆస్వాదించడం తెలియదు. సీసాల కొరత మాత్రం ఏనాడూ లేదని పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

సన్మానగ్రహీత ఒక సీసా. ఫ్రాన్సులో ఉద్యోగం చేసి తిరిగొచ్చిన లూయిస్ గారు దాన్ని విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. ఆ ఎర్ర వైను పేరు సిరా. ఆ యేడు కొద్ది సీసాలే విడుదల చేశారట. సిరా అంటే పెన్నులో పోసేది కాదని ఆయన ముందే స్పష్టం చేయడంతో ఒకరిద్దరు ఊపిరి పీల్చుకున్నారు.

విధానం కూడా ఆయనే బోధించారు. గ్లాసులో అంగుళం పోయాలి, తిప్పాలి, వాసన చూడాలి, పుక్కిలించాలి, ఆపైన బకెట్టులో ఉమ్మేయాలి.

“ఉమ్మేయడమేంటండీ?” అన్నారు ఉమామహేశ్వరం. చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలిన నాడు కూడా ఆయన గొంతు అలా వణకలేదు.

“పద్ధతండీ మరి.”

ఆ నిబంధన ఏకగ్రీవంగా రద్దయింది. బకెట్టును సగౌరవంగా పెరట్లోకి పంపించారు.

ముందు నల్ల మిరియాలు, వెనక పొగ, చివర్న పాత తోలు తగిలాయని లూయిస్ గారు ప్రకటించారు. ఉమామహేశ్వరం గారు తన చెప్పు వాసన చూసి, తోలు సంగతి వాస్తవమేనని ధ్రువీకరించారు. జన్మలో చుక్క ముట్టని రిటైర్డ్ హెడ్మాస్టరు నెహెమ్యా గారు ఉత్త వాసన చూసి, “వానలో తడిసిన నేరేడు తోట తన గతాన్ని తలుచుకుంటోంది” అన్నారు. ఆయన్ను అక్కడికక్కడే ఆస్వాదకుల సంఘానికి శాశ్వత అధ్యక్షుణ్ణి చేశారు. తలా మూడు గుటకలకు గంటన్నర ప్రసంగాలు నడిచాయి.

తర్వాత భోజనాలు. ఉమామహేశ్వరం గారి భార్య మంగతాయారు పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర నిలబడి పండుగప్ప చేప పులుసు పెట్టారు. టీవీలో క్రికెట్ చూస్తూ అందరూ కిక్కురుమనకుండా తిన్నారు. భర్త రెండోసారి కంచం చాపగానే ఆవిడ గరిటె ఆపేశారు.

“ఏం తగిలిందో చెప్పండి.”

“తగలడమేంటే?”

“మిరియాలా, పొగా, తోలా? ఇందాకంతా వింటూనే ఉన్నానండి. చెప్పినోళ్ళకే పులుసు.”

శాశ్వత అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు. “బాగుందమ్మా” అన్నారు.

“అది తినకుండా కూడా చెప్పొచ్చు కదండీ, మాస్టారూ.”

పెళ్ళయిన నాటినుంచి ఆ చేతి వంటే తింటున్న ఉమామహేశ్వరం గారు ముక్క వంక చూశారు. “చేప... చేపలా ఉందే” అన్నారు.

మంగతాయారు గిన్నె పట్టుకుని లోపలికెళ్ళారు. పీట వేసుకుని, చాలా కాలానికి వేడివేడిగా, మగాళ్ళు లేచేదాకా ఆగకుండా తిన్నారు. “పులుపు ముందొచ్చింది. కారం వెనకాల నిలబడింది” అని తనలో తాను అనుకోవడం బయటికి వినిపించింది. ఆవిడ గొంతులో తృప్తి ఉంది. పులుసు మాత్రం బయటికి రాలేదు.

సంఘం మజ్జిగన్నంతో అత్యవసర సమావేశం జరిపింది. వైనుకైతే మాటలు సీసా మీదే అచ్చేసి వస్తాయనీ, ఇంటి వంటకు ఆ సౌకర్యం లేదనీ లూయిస్ గారు వివరించారు. అందుకు తగిన మాటలు పంపవలసిందిగా ఫ్రాన్సుకు రాయాలని తీర్మానించారు.

జవాబు ఇంకా రాలేదు. అందాకా యానాంలో, మీ ఇంట్లో మాదిరే, “ఉప్పు తక్కువైంది” అన్న పాత మాటే అమల్లో ఉంది.