ఎర్త్ వైర్లు బిగించిన ఆదివారం

ఆ ఆదివారం రవికిరణ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నం మదీనాగూడలో అత్తగారింట్లో భోజనం. ఆలోగా సెల్లార్‌లోకి దిగి, కారుకు ఎర్త్ వైర్లు బిగించి, స్నానం చేసి, ఏమీ ఎరగనట్టు తాళం చేతికి తీసుకోవాలి.

తెల్లాపూర్‌లోని ఆ గేటెడ్ కమ్యూనిటీలో అంత పాత కారు మరొకటి లేదు. లైట్లది గుడ్డివెలుగు. హారన్‌కు ఎప్పుడూ జలుబే. ఫోను ఛార్జింగుకు పెడితే ఎక్కకపోగా ఉన్నది దిగుతుందని భార్య దేవిశ్రీ ఫిర్యాదు. స్టార్టయ్యే ముందు నాలుగైదుసార్లు మూలుగుతుంది. "రేపు తాళం తిప్పగానే స్టార్టయితే ఉంచుదాం. లేకపోతే సాయంత్రమే అమ్మకానికి పెట్టేద్దాం" అని ఆమె ముందురోజే తేల్చేసింది.

రవికిరణ్‌కు అమ్మడం ఇష్టం లేదు. ఎందుకని అడిగితే మైలేజీ అంటాడుగానీ, అది అబద్ధం. ఇంట్లో ఇద్దరూ చెరో గదిలో చెరో ఆఫీసు నడుపుతారు. కూరలో ఉప్పెక్కువైన సంగతి కూడా పక్కగదికి వాట్సాప్‌లోనే చేరుతుంది. వాళ్ళు నోరు తెరిచి మాట్లాడుకునేది ఆ కారులో కూర్చున్నప్పుడే. కారు పోతే ఆ కాస్త మాటా పోతుందని అతని భయం.

కిటుకు ఒక వీడియోలో దొరికింది. కరెంటు బ్యాటరీలోంచి బయలుదేరితే చాలదు, బండి బాడీ గుండా తిరిగి బ్యాటరీకి చేరాలి. ఆ తిరుగుదారి తుప్పుపడితే బండిలో అన్నీ నీరసిస్తాయి. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజనుకూ బాడీకీ నాలుగు లావుపాటి వైర్లు అదనంగా బిగిస్తే సరి. ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేయాలన్న ముక్క కూడా ఆ వీడియోలో ఉంది. రవికిరణ్ దాన్ని ప్రకటన అనుకుని దాటేశాడు.

షాపులో నల్లవైర్లు అయిపోవడంతో ఎర్రవి తెచ్చాడు. బోనెట్ ఎత్తి మూడు బిగించేసరికి సెక్యూరిటీ భాస్కర్ వచ్చి తొంగిచూశాడు.

"ఏంది సార్ గిది? కారు నరాలు బయటికొచ్చినయ్?"

"కరెంటు సరిగ్గా అందట్లేదు భాస్కర్. అందేలా చేస్తున్నా."

"గీ సెల్లార్‌లనేనా?"

"ఇంకెక్కడ చేస్తాను?"

భాస్కర్ గేటు దగ్గరికి పోయి ఇంటర్‌కమ్ ఎత్తాడు. "సార్, రవికిరణ్ సార్ కారుకు కరెంటు పెడుతుండు. ఎర్రవైర్లు, గింతగింత లావున్నయ్."

అవతల విన్నది సంఘం కార్యదర్శి సోమేశ్వరరావు. సర్కారు కొలువులో రిటైరైన మనిషి. సెల్లార్‌లో ఎలక్ట్రిక్ బండ్లకు ఛార్జింగ్ పెట్టరాదని మొన్ననే పట్టుబట్టి తీర్మానం చేయించాడు. ఉమ్మడి కరెంటును రవికిరణ్ బండికి తాగిస్తున్నాడని తలచుకోగానే ఆయన పరుగున వచ్చి సెల్లార్ మెయిన్ స్విచ్ ఆపేశాడు. లిఫ్టు కూడా దానిమీదే నడుస్తుందన్నది ఆయనకు ఆ క్షణంలో గుర్తులేదు.

చీకట్లో రవికిరణ్ చేతిలోని పానా జారింది. నేలమీద పడినా బాగుండేది. బ్యాటరీ పాజిటివ్‌కూ బాడీకీ అడ్డంగా పడి, టపీమని నిప్పురవ్వలు ఎగజిమ్మి పక్కకు దొర్లింది. ఏళ్ళుగా మూగబోయిన దొంగల అలారం ఒక్కసారిగా గొంతెత్తింది. హారన్‌కు జలుబు పూర్తిగా వదిలిందని ఆ కంగారులోనూ రవికిరణ్ గమనించాడు.

"సెల్లార్‌ల అంటుకున్నది" అన్న భాస్కర్ కేక మెట్లమీదుగా పైకి పాకింది. ఆ టవర్‌లో సగంమంది కోకాపేట ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు. అగ్నిప్రమాదం వస్తే ఏం చేయాలో కంపెనీలు వాళ్ళకు బాగా నేర్పాయి. ఒకరినొకరు తోసుకోకుండా, లాప్‌టాప్ సంచీలు భుజాన వేసుకుని, వరుసగా దిగి పచ్చిక మీద నిలబడ్డారు. పిల్లల్ని తేవడం మరిచినవాళ్ళు ఇద్దరు వెనక్కి పోయారు. అంతస్తులవారీగా లెక్కపెడితే ఒక మనిషి తగ్గింది.

దేవిశ్రీ.

కరెంటు పోవడంతో లిఫ్టు మధ్యలో ఆగిపోయి ఉంటుందని రవికిరణ్‌కు తట్టింది. మెట్లెక్కుతూ ప్రతి అంతస్తులో లిఫ్టు తలుపు బాదుకుంటూ పోయాడు. ఒకచోట లోపలి నుంచి జవాబొచ్చింది.

"దేవీ, భయపడకు. మంటల్లేవు."

"నేనెందుకు భయపడతాను? ఫోన్ లైటు వేసుకుని కూర్చున్నా. ఇంతకీ ఏం చేశావు?"

"కారుకు ఎర్త్ వైర్లు బిగించా."

"స్టార్టయిందా?"

"ఇంకా చూడలేదు."

"టవరంతా కిందికి దించావుగానీ అది చూడలేదా?"

కింద సోమేశ్వరరావు టార్చితో కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. రవికిరణ్ దిగిరాగానే నిలదీశాడు. "ప్లగ్గేదండీ?"

"లేదండి. ఇది పెట్రోలు బండి."

"ఇన్ని వైర్లు పెట్టుకుని పెట్రోలెందుకండీ మరి?"

"గందుకే నేను పరేషాన్ అయిన" అన్నాడు భాస్కర్.

కరెంటు వచ్చింది, లిఫ్టు దిగింది, దేవిశ్రీ చీర సవరించుకుంటూ బయటికి వచ్చింది. రవికిరణ్ నాలుగో వైరు బిగించి, టవరంతా చూస్తుండగా తాళం తిప్పాడు. బండి మూలగకుండా, దగ్గకుండా లేచింది. జనం చప్పట్లు కొట్టారు. "సరే, ఉంచుదాం" అంది దేవిశ్రీ.

దారిలో ఆమె లిఫ్టులో అడుగంటిన ఫోనును ఛార్జరుకు తగిలించింది. ఎక్కింది. మొదటిసారి ఎక్కింది. మరునిమిషం ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. తర్వాత ఇంకొకటి. ఆమె అటు తిరిగి మాట్లాడుతూనే ఉంది. రవికిరణ్ రోడ్డు చూస్తూ నడుపుతున్నాడు. ఇన్నాళ్ళూ తమను మాట్లాడించింది కారు కాదని, చచ్చిపోయే ఆ ఫోనని అతనికి మెల్లగా బోధపడింది. తిరుగుదారి అతనే బాగుచేశాడు. కరెంటు తిరిగొచ్చింది, మాట ఆగిపోయింది.

రోడ్డు పక్కన ఆపి బోనెట్ ఎత్తాడు. పానా తీశాడు.

"ఏమైంది?" ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అడిగింది దేవిశ్రీ.

"ఏం లేదు. చూస్తున్నా."

మళ్ళీ బయలుదేరాక కాసేపటికి ఫోను కొడిగట్టి ఆరిపోయింది. ఆమె దాన్ని చూసింది, అతన్ని చూసింది, సంచీలో పడేసింది. "లిఫ్టులో ఉన్నంతసేపూ ఏమనుకున్నానో తెలుసా?" అని మొదలుపెట్టింది. మదీనాగూడ వచ్చేసినా ఆ మాట పూర్తికాలేదు. రవికిరణ్ అత్తగారి వీధి చుట్టూ ఊరికే ఒక తిరుగు తిరిగాడు.

సాయంత్రం సంఘం గ్రూపులో సోమేశ్వరరావు నోటీసు పెట్టాడు: సెల్లార్‌లో కార్లకు ఎలాంటి వైర్లూ బిగించరాదు. దేవిశ్రీ దాన్ని గట్టిగా చదివి వినిపించి, "విప్పడం గురించి ఏమీ రాయలేదులే" అంది.