ఎ కేటగిరీ కిరాణా కొట్టు

ఒక వీధి బాగుపడటానికి ఉన్న ఏకైక అడ్డంకి, ఆ వీధిలో పని ఉండి తిరిగే మనుషులు. మానవజాతి ఇన్ని వేల ఏళ్ళుగా గ్రహించలేకపోయిన ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత ఢిల్లీలోని వీధి అనుభూతి ప్రాధికార సంస్థకు దక్కుతుంది. (ఈ సంస్థ పేరు ఎప్పుడూ వినలేదే అంటారా? మీరు అదృష్టవంతులు. మా దాకా వచ్చింది.)

మేం మయూర్ విహార్ వాళ్ళం. మెట్రో దిగి ఇంటికి నడిచే దారిలో సంతోషీ మార్కెట్ అని ఒక వీధి ఉండేది. బియ్యం, బకెట్లు, కుక్కర్ రబ్బర్లు, జాకెట్లు కుట్టే మాస్టర్జీ, తాళంచెవులు చేసేవాడు, అందరూ అక్కడే. ప్రాధికార సంస్థ ఆ వీధిని దత్తత తీసుకుంది. ముందు దానికి ‘సంతోష్ హై స్ట్రీట్’ అని నామకరణం చేసింది. తర్వాత ఈ-రిక్షాలు ఆపేసింది, ఎందుకంటే బియ్యం బస్తా మోసుకుంటూ నడవడం కూడా ఒక అనుభూతేనట. ఆపైన ఫుట్‌పాత్ మీద రాతి బెంచీలు వేసి, వాటిని ఏటవాలుగా చెక్కించింది. జనం వాటి మీద కూర్చుంటే బెంచీలు కనిపించవు కదా!

వీధి మొదట్లో ఉన్న హార్డ్‌వేర్ షాపు ఎత్తేసి, ‘హార్డ్‌వేర్’ అనే పేరుతోనే కాఫీ దుకాణం పెట్టారు. గోడ నిండా రెంచీలు వేలాడదీశారు. ఒకరోజు మా బాత్రూమ్ పైపు కారుతుంటే, పాత అలవాటు కొద్దీ వెళ్ళి ఒక రెంచీ అడిగాను. అది అమ్మకానికి కాదని, కావాలంటే దాని కింద కూర్చుని కాఫీ తాగవచ్చని కౌంటర్లో అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. తాగాను. పైపు కారుతూనే ఉంది.

ఇదంతా మేం ఓర్చుకున్నాం. మా ప్రాణాలన్నీ ఆ వీధి చివర కనకయ్య కొట్టులో ఉన్నాయి కనుక, మిగతా వీధి ఏమైపోయినా మాకు పట్టలేదు. అన్నపూర్ణ స్టోర్స్ అని పేరు. కనకయ్య పాలకొల్లు నుంచి ఎప్పుడో వచ్చి, భార్య అన్నపూర్ణేశ్వరి పేరు మీద పెట్టాడు. గోంగూర, ములక్కాడలు, ఇంగువ, వడియాలు, అడక్కుండానే గుప్పెడు కరివేపాకు. వెనక గదిలో అన్నపూర్ణేశ్వరి గ్రైండర్లో ఇడ్లీ పిండి రుబ్బేది. ఆ పిండి కోసం ఇందిరాపురం నుంచి కార్లు వచ్చేవి, జియా సరాయ్ నుంచి కోచింగ్ కుర్రాళ్ళు స్టీలు డబ్బాలతో మెట్రో ఎక్కి వచ్చేవాళ్ళు. నిజం చెప్పాలంటే ఆ కొట్టు నడిచేదే పిండి మీద. మిగతావన్నీ పిండి కోసం వచ్చినవాళ్ళు పోతూపోతూ కొనుక్కునేవి.

ఆ కొట్టుకీ నోటీసు వచ్చింది. వీధిలో మిగిలిన పాత దుకాణాలు ఏదో ఒక కేటగిరీ కింద గుర్తింపు పొందాలి, లేకపోతే ఖాళీ చేయాలి. కేటగిరీలు మూడు. ‘సి’ అంటే ఉపయోగకరమైన దుకాణం. బోర్డుకు వాళ్ళు చెప్పిన బూడిద రంగు వేయించుకుని ఎప్పటిలాగే వ్యాపారం చేసుకోవచ్చు. ‘బి’ అంటే ముచ్చటైన దుకాణం. ‘ఎ’ అంటే అమూల్య వారసత్వం.

కనకయ్య ఆ కాగితం పట్టుకుని పరుగున మా దగ్గరికి వచ్చాడు. మా దగ్గరికి అంటే, మయూర్ విహార్ తెలుగు కుటుంబాల సంఘం దగ్గరికి. దానికి నేను కార్యదర్శిని. వృత్తిరీత్యా కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసర్ని. (ఏ మంత్రిత్వ శాఖో చెప్పను. చెబితే పనులు పట్టుకొస్తారు.) మా అధ్యక్షులు పద్మనాభం గారు డిప్యూటీ సెక్రటరీగా రిటైరయ్యారు. ఆయన డ్రాఫ్టు రాస్తే పైవాళ్ళు కామా కూడా మార్చేవారు కాదని ఇప్పటికీ నార్త్ బ్లాక్ వరండాల్లో చెప్పుకుంటారు. ముఖ్యంగా ఆయన చెప్పుకుంటారు.

సమావేశం పద్మనాభం గారి డ్రాయింగ్ రూములో జరిగింది. కనకయ్య దంపతులు కూడా వచ్చారు. నోటీసు చదివి, కళ్ళజోడు తీసి, ఆయన ప్రశాంతంగా ప్రకటించారు:

“ఎ కేటగిరీకి అప్లై చేద్దాం.”

నాతోపాటు ఊరికే కారు నడపడానికి వచ్చిన మా అమ్మాయి భవ్యశ్రీ ఫోన్లోంచి తల ఎత్తింది. నోయిడాలో ఏదో కంపెనీలో పనిచేస్తుంది. తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం రాదు. “నాన్నా, సీ మే దుకాన్ చల్తీ రహేగీ నా? దట్స్ ఆల్ దే నీడ్!” అంది, సి తోనే కొట్టు నడుస్తుంది కదా అన్న అర్థంలో.

“అమ్మా, నువ్వు ప్రైవేటులో ఉన్నావు. నీకు గ్రేడు విలువ తెలియదు” అన్నారు పద్మనాభం గారు జాలిగా. “ఎ దొరికే అవకాశం ఉండగా ఎవరైనా నోరు తెరిచి సి అడుగుతారా? సర్వీసులో అలా అడిగిన మనిషిని మెడికల్ బోర్డుకి పంపిస్తారు.”

“ఎ అయితే పిండి అమ్ముకోనిస్తారాండీ?” అని అడిగింది అన్నపూర్ణేశ్వరి.

“పై గ్రేడులో కింది గ్రేడు సౌకర్యాలన్నీ కలిసే ఉంటాయమ్మా. ఫస్ట్ క్లాసు టికెట్టు ఉన్నవాణ్ణి రైలెక్కవద్దని ఎవరైనా అంటారా?”

ఈ వాదన ఎంత గట్టిగా ఉందంటే నాకు ఒళ్ళు పులకరించింది. కనకయ్యకైతే మరీను. “సి ఏంటండీ బాబూ, నలుగురిలో నామర్దా! మా చిన్నోడికి పరీక్షల్లో సి వస్తే తిట్టని తిట్టు లేదండి. ఇప్పుడు నేనే సి తెచ్చుకుని ఇంటికెళ్తే ఆడు ఊరుకుంటాడా? ఎ యే రాసేయండి” అన్నాడు.

ఎ కేటగిరీ నిబంధనలు వేరే పుస్తకంలో ఉన్నాయని నోటీసు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మేం తెప్పించలేదు. పై గ్రేడు వస్తుంటే, ఆగండాగండి నిబంధనలు చదివి చెబుతాను అన్న మనిషిని నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు.

విజ్ఞాపన పత్రం పద్మనాభం గారే రాశారు. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. అందులో కనకయ్య కొట్టు కొట్టు కాదు, ‘ద్రావిడ రుచి సంస్కృతికి యమునా తీరంలో వెలసిన తొలి స్థావరం’. అన్నపూర్ణేశ్వరి గ్రైండరు, కోయంబత్తూరులో తయారై కరోల్ బాగ్‌లో కొన్నది, ‘దక్షిణాది రుబ్బుడు విద్యకు ఉత్తరాదిలో సజీవ సాక్ష్యం’. ఇంగువ డబ్బా గురించి ఒక పేరా మొత్తం రాశారు. కనకయ్యకు చదివి వినిపిస్తే, “ఇదంతా మా కొట్టేనాండీ!” అని బిత్తరపోయాడు.

తనిఖీకి డిప్యూటీ అనుభూతి కమిషనర్ సభర్వాల్ గారు స్వయంగా వచ్చారు. గుమ్మంలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి, “వాహ్! క్యా ఖుష్బూ హై!” అన్నారు. ఆయన వెంట వచ్చిన సిబ్బంది ఒక్కో వస్తువునూ జాబితాలో ఎక్కించారు. తక్కెడ, పని చేయు స్థితిలో ఉన్నది. గ్రైండరు, పని చేయు స్థితిలో ఉన్నది. కనకయ్య, పని చేయు స్థితిలో ఉన్నాడు. అన్నపూర్ణేశ్వరి ఆ గంటలో చిల్లా గ్రామంలో తమ అద్దె గదికి వెళ్ళి మినప్పప్పు నానబోస్తోంది. అందుచేత జాబితాలోకి ఎక్కలేదు. అప్పుడు అది మాకు పెద్ద విషయంగా తోచలేదు.

ఎ కేటగిరీ వచ్చింది! వీధి మొత్తానికి ఒక్క ఎ, అదీ మన తెలుగువాడికి. కనకయ్యకు శాలువా కప్పాం, పద్మనాభం గారికి రెండు శాలువాలు కప్పాం. మర్నాడు ప్రాధికార సంస్థ వాళ్ళు వచ్చి కౌంటరు మీద గాజు అద్దం బిగించారు.

అమూల్యమైనదానికి వెల కట్టకూడదు కాబట్టి, ఎ కేటగిరీలో అమ్మకాలు ఉండవు. ఒక ప్యాకెట్టు అమ్మితే వారసత్వం ఒక ప్యాకెట్టు మేర తరుగుతుందని సభర్వాల్ గారు ఎంతో ఓపికగా వివరించారు. గ్రైండరు చుట్టూ తాడు కట్టారు. గోంగూర వాడిపోతోందని కనకయ్య ఫిర్యాదు చేస్తే, వెంటనే స్పందించి ప్లాస్టిక్ గోంగూర తెచ్చి పెట్టారు. (అది అసలుదానికన్నా పచ్చగా ఉంది, ఒప్పుకోవాలి.) కొట్టు చూడటానికి టికెట్టు పెట్టారు. జాబితాలో ఉన్నాడు కనుక కనకయ్యను ఒక ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు పద్ధతిలో, ‘వారసత్వ సహాయకుడు’ హోదాలో తన కొట్టులోనే నియమించారు. యూనిఫాం ఇచ్చారు, మెడలో కార్డు వేశారు. జీతం ఏజెన్సీ దయ మీద ఆధారపడి ఉంటుంది.

ఇక పిండి? చిల్లా గదిలో ఉన్నది మిక్సీ. అన్నపూర్ణేశ్వరి పట్టుదలగా అందులోనే రుబ్బడం మొదలుపెడితే మోటారు కాలిపోయింది. ఇందిరాపురం వాళ్ళు యాప్‌లో ప్యాకెట్టు పిండికి అలవాటు పడిపోయారు. మా ఇంట్లోనూ అదే. ఆ పిండితో వేసిన దోసె తింటుంటే మనసు ఎంత కుతకుతలాడుతుందో చెప్పలేను. సంఘం తరఫున విషయాన్ని తీవ్రంగా పరిగణించి, కనకయ్యను ఎ నుంచి సి కి మార్చమని వెంటనే రాశాం.

సభర్వాల్ గారు మమ్మల్ని పిలిచి, టీ ఇప్పించి, కూర్చోబెట్టారు. “పద్మనాభంజీ, ఆప్ తో గవర్నమెంట్ సే హై. మీకు నేను చెప్పాలా? పై గ్రేడు నుంచి కింది గ్రేడుకు దించడం శిక్ష కిందికి వస్తుంది. శిక్ష వేయాలంటే ఆయన ఏదైనా తప్పు చేసి ఉండాలి. ఏం తప్పు చేశాడు పాపం?”

పద్మనాభం గారు ఆ పాయింటుకు లోలోపల ముగ్ధులైపోవడం నేను కళ్ళారా చూశాను. బయటికి వచ్చాక, “మనిషి రూల్స్ బాగా తెలిసినవాడయ్యా!” అన్నారు.

సంగతి వినగానే కనకయ్య తేల్చేశాడు. “అయితే తప్పే చేస్తానండి. ఏం తప్పు చేస్తే సరిపోద్దో మీరే చెప్పండి.”

సర్వీసు రూల్సు తిరగేసి, అనధికార విక్రయం అయితే నిక్షేపంలా సరిపోతుందని తేల్చాం. శనివారం సాయంత్రం, సందర్శకులు కిక్కిరిసి ఉన్నప్పుడు, కనకయ్య గాజు అద్దం తలుపు తీసి, చింతపండు ప్యాకెట్టు బయటికి లాగి, తక్కెడలో తూచి, ఒకావిడకు అమ్మేశాడు. పైగా ఎవరూ చూడలేదేమోనని, “కిలో ఇమ్లీ! కిలో ఇమ్లీ!” అని కేకలు కూడా వేశాడు. సందర్శకులు చప్పట్లు కొట్టారు, వీడియోలు తీశారు. సోమవారం సభర్వాల్ గారి నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఈ సజీవ ప్రదర్శన ఇకపై రోజూ సాయంత్రం జరగాలని, ప్రదర్శన ముగిశాక చింతపండు తిరిగి తీసుకుని యథాస్థానంలో పెట్టాలని ఆదేశం.

ఆ ఆదేశం పట్టుకుని అన్నపూర్ణేశ్వరి మా ఇంటికి వచ్చింది. “ఇదివరకు నెత్తి మీద అప్పుల్లేవు, ఎవడి ముందూ చెయ్యి చాపలేదు. కొట్టుంటే చాలని మీ దగ్గరికొచ్చామండి. కొట్టుంది. మేమే లేకుండా పోయాం” అంది. మా ఆవిడ కాఫీ ఇస్తే తాగలేదు. భవ్యశ్రీ నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయడం అప్రస్తుతం.

పోయిన ఆదివారం హైదరాబాద్ నుంచి మా బావగారు వచ్చారు. మా సంఘం సాధించిన ఘనకార్యం చూపిద్దామని తీసుకెళ్ళాను. టికెట్ల వరుసలో మా ముందు అన్నపూర్ణేశ్వరి నిలబడి ఉంది, చేతిలో కనకయ్యకు భోజనం క్యారియరు. రోజూ గార్డుకు ఇచ్చి వెళ్ళిపోతుందట. ఆ రోజు గార్డు కొత్తవాడు. క్యారియరు లోపలికి పంపడం కుదరదన్నాడు. తాను కనకయ్య భార్యనని చెబితే జాబితా తిరగేసి, “ఆప్‌కా నామ్ నహీ హై, ఆంటీజీ. లోపలికి వెళ్ళాలంటే టికెట్ తీసుకోండి” అన్నాడు. తిండి మాత్రం బయటే ఉండాలట.

టికెట్టు నేను తీస్తానని ముందుకు వెళ్ళాను. “వద్దండి. మీరు మాకు చేసింది చాలు” అంది. కార్యదర్శిగా ఇంతకన్నా కితాబు ఇంకేం కావాలి!

క్యారియరు గార్డు కాళ్ళ దగ్గర పెట్టి, టికెట్టు కొనుక్కుని, గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అక్కడ టికెట్లు చింపే డ్యూటీ కనకయ్యదే. నెత్తి మీద కెమెరా ఉంది. ఆవిడ చెయ్యి చాపింది. అతను తల ఎత్తకుండా టికెట్టు అందుకుని, సగం చింపి తన దగ్గర పెట్టుకుని, సగం ఆవిడ చేతిలో పెట్టాడు. వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాల్సిన మాట ఆవిడకూ చెప్పాడు:

“లోపల దేన్నీ ముట్టుకోకూడదు మేడమ్.”