వైకుంఠ రథానికి బోణీ

దానం చెయ్యడానికి ముందు మనసుండాలని పెద్దలంటారు. అది పెద్దలు తొందరపడి అన్న మాట. మనసు, డబ్బు, మైకు సెట్టు మూడూ ఉన్న దాతలకు మన డెల్టాలో ఏనాడూ కరువు లేదు. కరువంతా పుచ్చుకునే అర్హత ఉన్నవాళ్లకే. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే బస్సు దిగి, కాలవ కట్ట పట్టుకుని లోపలికి నడిస్తే వచ్చే గుడిమెళ్లవారిపాలెంలో ఈ కరువు మరీ తీవ్రంగా ఉండేది.

ఆ ఊరి సేవాసమితి అప్పటికే చెయ్యదగ్గ మంచి పనులన్నీ చేసేసింది. బస్సు ఆగని చోట బస్సు షెల్టరు కట్టించింది. రామాలయంలో ట్యూబులైట్లు పెట్టించి, ప్రతి లైటు మీదా దాత పేరు, తండ్రి పేరు, ఎవరి జ్ఞాపకార్థమో వాళ్ల పేరు ఎర్ర రంగుతో రాయించింది. (మిగిలిన సందుల్లోంచి వెలుతురు కూడా వచ్చేది.) ఉచిత కళ్లజోళ్ల పంపిణీలో సరుకు మిగిలిపోతే చూపు బాగున్నవాళ్లకు కూడా పంచి, మరుసటి ఏడాదికి వాళ్లను నిజమైన అర్హులుగా తీర్చిదిద్దింది. అలాంటి ఊరికి, ఇంకా 108 అంబులెన్సులు రాని రోజుల్లో, వైకుంఠ రథం వచ్చింది.

వైకుంఠ రథం అంటే పోయినవారిని శ్మశానానికి చేర్చే వ్యాను. తెనాలిలో రైసుమిల్లున్న రాజారత్నంగారు, ఆ ఊరి ఆడపడుచైన తన తల్లి పేరు మీద ఇచ్చారు. తెల్ల రంగు, రెండు పక్కలా శేషతల్పం మీద విష్ణుమూర్తి, లోపల స్టీలు మంచం, దాని మీద మెత్తటి పరుపు, తల దగ్గర చిన్న ఫ్యాను. ఊళ్లో బతికున్న ఎవరికీ అంత మంచి పడక లేదు. ఒక్కటే చిక్కు. శ్మశానం ఊరిని ఆనుకునే ఉంది. బండి స్టార్టయ్యేలోపే వచ్చేస్తుంది. అందుకని రథం ముందు రేపల్లె రోడ్డు దాకా వెళ్లి, ఆ తర్వాత వెనక్కి తిరిగి శ్మశానానికి రావాలని సమితి తీర్మానించింది.

నియమావళి రాసే పని సహజంగానే వెంకటరాఘవయ్య మాస్టారి మీద పడింది. ఆయన హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఊరివాళ్లు ఎంత తెలివైనవాళ్లో ఆయనకు తెలుసు. సగం మందికి ఆయనే చదువు చెప్పారు. ఇంత మంచి పరుపున్న బండి ఊళ్లో ఉంటే తెనాలికి సెకండ్ షో సినిమాకి కట్టుకెళతారని, మినుముల బస్తాలు తోలతారని ఆయన భయం. వారం రోజులు ఆలోచించి ఆరో నియమం రాశారు:

"ప్రాణముతోనున్నవారు ఏ కారణముచేతనైనను ఈ వాహనమున శయనింపరాదు. డ్రైవరునకు మినహాయింపు కలదు. అయితే అతడు కూర్చుండియే యుండవలెను."

రాసుకున్నది రెండుసార్లు పైకి చదువుకుని తృప్తిపడ్డారు. ఇలాంటి వాక్యాన్ని ఎవరైనా మార్చి పాడుచేస్తారేమోనని, నియమాలు మార్చాలంటే మూడు వారాల ముందు నోటీసు ఇచ్చి సర్వసభ్య సమావేశం పెట్టాలని ఇంకో నియమం కూడా చేర్చారు.

ఇక ప్రారంభోత్సవం. ఖాళీ బండికి జెండా ఊపనని రాజారత్నంగారు ఖండితంగా చెప్పేశారు. "లోపల మనిషి లేకపోతే అమ్మ పేరుకి విలువేముందండీ?" అన్నారు. మాట న్యాయమైనదే. కానీ ఊరు మొండికేసింది. అంతకు ముందు దాకా నెలకొకరు చొప్పున నమ్మకంగా పోయిన ఊళ్లో, బండి వచ్చి షెడ్డులో నిలబడ్డాక ఒక్కరూ పోలేదు. మంచాన ఉన్నవాళ్లు లేచి పొలం వెళ్లారు. తెనాలి దగ్గర నందివెలుగులో ఒకాయన పోయారని తెలిసి సమితి కార్యదర్శి బసవేశ్వరరావు పూలదండతో వెళ్లి, ఒక్క గంటకి ఇవ్వమని మర్యాదగానే అడిగాడు. "మా పెద్దాయన్ని మేమే మోసుకుంటాం, మీ బోణీకి ఇవ్వం" అని వాళ్లు దండ మాత్రం ఉంచుకుని పంపేశారు.

అసలు భయమంతా ఆ బోణీ దగ్గరే ఉంది. బోణీ చేసినవాడి చెయ్యి మంచిదైతే ఆ రోజంతా బేరాలే బేరాలని కిరాణా కొట్టు నుంచి కూరల బండి దాకా అందరూ నమ్మే విషయం. మరి వైకుంఠ రథానికి చెయ్యి మంచిదైనవాడు బోణీ చేస్తే? ఊరు ఊరంతా ఆలోచనలో పడింది. ఈ బండికి కావలసింది, బోణీ చేస్తే మళ్లీ బేరం తగలని మనిషి.

అలాంటి మనిషి ఊళ్లో ఒక్కరే ఉన్నారు. మాస్టారు పొద్దున్నే కొట్టుకి వస్తున్నారంటే కిరాణా వాళ్లు తలుపు సగం వేసుకునేవారు. ఆయన పావుకిలో చింతపండు కొన్న రోజున సాయంత్రం దాకా ఈగ కూడా వాలదని ప్రతీతి. మాస్టారికి ఈ సంగతి తెలియదు. కొట్లవాళ్లు తనను చూసి గౌరవంతో పక్కకి తప్పుకుంటున్నారని ఆయన ఉద్దేశం.

తొలకరికి ఆయనకు దగ్గు పట్టుకుంది. మర్నాటికల్లా బసవేశ్వరరావు అరడజను బత్తాయిలతో వచ్చాడు. ఆ మర్నాడు హార్లిక్సుతో వచ్చాడు. ఎన్నడూ గడప తొక్కనివాళ్లు కూడా వచ్చి, దగ్గు శ్రద్ధగా విని వెళ్లారు. నాలుగో రోజున బసవేశ్వరరావు వెంట ఫొటోగ్రాఫరు వచ్చాడు.

"ఫొటో ఎందుకురా బసవా?" అన్నారు మాస్టారు.

"బ్యానరు రాయిస్తున్నామండి. అన్నీ అయిపోయాయి, ఫొటో జాగా ఒక్కటే ఖాళీగా ఉంది."

మాస్టారికి అర్థం కావడానికి ఒక దగ్గు పట్టింది. "ఒరే, నేనింకా ఉన్నానురా!"

"అయ్యో, తొందరేం లేదండి. మీ వీలు చూసుకునే చెప్పండి. కాకపోతే రాజారత్నంగారు వచ్చే వారం కాశీ వెళుతున్నారు. ఎల్లుండి ఏకాదశి కూడానండి. మీబోటివారు బోణీ చేస్తే ఇంకో పదేళ్లు బండి కదలదని ఊరందరి ఆశ. మీకు మాత్రం ఊరి మేలు పట్టదా?"

లోపల్నుంచి మాస్టారి భార్య మాణిక్యాంబగారు చీపురు తీసుకుని వచ్చారు. ఆమె ఎవరినీ కొట్టలేదు, వసారా ఊడ్చారు. బసవేశ్వరరావు నిలబడ్డ చోటే నాలుగుసార్లు ఊడ్చేసరికి అతనికి వేరే పని గుర్తొచ్చింది.

ఏకాదశి దాటింది. దగ్గు కూడా తగ్గింది. ఊరు నిరుత్సాహపడింది. ద్వాదశి నాటి మధ్యాహ్నం మాస్టారు భోజనం చేసి లేవబోతూ గుండె పట్టుకుని కూలబడ్డారు. ఒళ్లంతా చెమటలు, ఊపిరి అందడం లేదు. కబురు తెలిసి పరుగున వచ్చిన సమితి సభ్యులు ఆయన్ని మంచం మీదికి చేర్చారు. మూఢం వచ్చే ముందు చివరి పెళ్లి ముహూర్తం అది. ఊళ్లో ఉన్న ఆటోలన్నీ రేపల్లెలో పెళ్లికి వెళ్లాయి. ఆర్ఎంపీ డాక్టరు కూడా ఆ పెళ్లిలోనే ఉన్నాడు. తెనాలిలో పెద్దాసుపత్రి ఉంది. అక్కడికి వెళ్లే బండి మాత్రం ఊళ్లో ఒక్కటే ఉంది. ఫుల్ ట్యాంకుతో, కడిగి, పసుపు కుంకాలు పెట్టి, సిద్ధంగా ఉంది.

"దాంట్లో ఎక్కించండి నాయనా" అన్నారు మాణిక్యాంబగారు.

బసవేశ్వరరావు బాధగా తల వంచుకున్నాడు. "ఆరో నియమం ఉందండి పిన్నిగారూ. ప్రాణంతో ఉన్నవాళ్లని పడుకోబెట్టకూడదు."

"రాసింది ఆయనే కదా! మార్చమను."

"మార్చాలంటే మూడు వారాల నోటీసు ఇవ్వాలండి. అదీ మాస్టారే రాశారు."

మంచం మీద నుంచి మాస్టారు, అంత బాధలోనూ, "నిజమే" అన్నారు. జీవితమంతా రూలు రూలేనని చెప్పిన మనిషి. కానీ ఆ మాట నోటి నుంచి వచ్చిన మరుక్షణమే ఆయనకు భయం వేసింది. అంతకు ముందెప్పుడూ లేని భయం. రేపు పొద్దున లేచి అరుగు మీద పేపరు చదవాలని ఉంది. మాణిక్యాంబ చేసే కందబచ్చలి కూర ఇంకోసారి తినాలని ఉంది. ఏమే అని పిలిస్తే విసుక్కుంటూ వచ్చే ఆ మనిషిని ఒంటరిగా వదిలి వెళ్లాలని లేదు. ఆయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

ఆ చెయ్యి చూసి బసవేశ్వరరావులో పూర్వవిద్యార్థి మేలుకున్నాడు. "మాస్టారూ, ఒక మార్గం ఉందండి. మీరు కళ్లు మూసుకోండి. ప్రాణం ఉందో లేదో తేల్చడానికి సమితిలో డాక్టరెవరూ లేరు. మేం చూడం, మీరు చెప్పకండి."

"మరి శ్మశానానికి కదా వెళ్లాలి?" అన్నాడు డ్రైవరు వీరబ్రహ్మం.

"రేపల్లె రోడ్డు దాకా వెళ్లి వెనక్కి రావాలని నియమావళిలో ఉంది. ఎప్పటిలోగా రావాలో లేదు" అన్నాడు బసవేశ్వరరావు. ఇది మాస్టారి నియమావళిలో దొరికిన ఏకైక లోపం. జీవితంలో మొదటిసారి తన తప్పుకి ఆయన సంతోషించారు.

కానీ బండి కదలాలంటే జెండా ఊపాలి. రాజారత్నంగారికి ఫోన్ చేశారు. అదృష్టం బాగుండి ఆయన పక్క ఊళ్లో ధాన్యం చూడ్డానికి వచ్చి ఉన్నారు, ఎవరిదో మోటారుసైకిలెక్కి వెంటనే వచ్చారు. వచ్చాక మాట్లాడకుండా ఎలా ఉంటారు? మైకు పెట్టారు. లోపల మాస్టారు మెడలో దండతో, కళ్లు మూసుకుని, వీలైనంత తక్కువ ఊపిరి పీల్చుకుంటూ పడుకున్నారు. పక్కన మాణిక్యాంబగారు విసురుతున్నారు. (ఫ్యాను మీద రాసిన దాత పేరు రంగు ఇంకా ఆరనందువల్ల దాన్ని వెయ్యలేదు.)

"వెంకటరాఘవయ్యగారు మహామనీషి" అన్నారు రాజారత్నంగారు. "ఆయన లేని లోటు ఈ గ్రామానికి తీరనిది." జనం కళ్లు తుడుచుకున్నారు. లెక్కలు రాక తన్నులు తిన్నవాళ్లు కూడా ఆ తన్నులే తమని మనుషుల్ని చేశాయని చెప్పారు. తన గురించి ఇంత మంచి మాట ఎవరైనా అనగా మాస్టారు వినడం అదే మొదలు. ఇంకాసేపు వినాలని ఉంది, ఇంకాసేపు బతకాలనీ ఉంది. రెండిట్లో ఏది ముందో తేల్చుకోలేక ఆయన కంట్లోంచి ఒక బొట్టు జారింది. మాణిక్యాంబగారు చప్పున కొంగుతో అద్దేసి, "ఇక ఊపు నాయనా జెండా, నీకు పుణ్యముంటుంది!" అని అరిచారు. భర్త పోయిన దుఃఖమనుకుని రాజారత్నంగారు జెండా ఊపారు.

రేపల్లె రోడ్డు ఎక్కాక వీరబ్రహ్మం తెనాలి వైపు తిప్పాడు. ఆ ప్రయాణం గురించి చెప్పుకోవాలి. మామూలు జబ్బుమనిషిని తీసుకెళుతుంటే హారన్ కొట్టి కొట్టి అరిచినా తప్పుకోని లారీలు, ఈ బండిని చూసి రోడ్డు దిగి నిలబడ్డాయి. గేదెలు తోలుకెళ్లేవాళ్లు వాటిని పక్కకు లాగి దణ్ణం పెట్టారు. రైల్వే గేటు దగ్గర జనమంతా చెప్పులు విప్పి దారి ఇచ్చారు. మన దేశంలో ప్రాణం నిలబెట్టుకోవడానికి పోయినవాడిగా ప్రయాణించడాన్ని మించిన మార్గం లేదని మాస్టారికి ఆ రోజు తెలిసింది.

ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "ఈ బండ్లు వెనక గేటుకి వెళ్లాలి. ముందు గేటు తెచ్చేవాళ్లకి, వెనక గేటు తీసుకెళ్లేవాళ్లకి."

"మేం తెస్తున్నామయ్యా!" అన్నాడు వీరబ్రహ్మం.

"ఈ బండిలో తేవడమేంటి? ఎక్కడైనా ఉందా?"

ఇక లాభం లేదని మాస్టారు దండతో సహా లేచి కూర్చుని, "గేటు తియ్యరా" అన్నారు. ముప్ఫయ్యేళ్లు హెడ్మాస్టరుగా వాడిన గొంతు అది. వాచ్‌మన్ గేటు తీసి, అటు నుంచి అటే వెళ్లిపోయాడు. ఆ రోజు మళ్లీ డ్యూటీకి రాలేదని తెలిసింది.

డాక్టర్లు బతికించారు. ఇంకో అరగంట ఆలస్యమైతే ఇదే బండిలో న్యాయంగా వెనక్కి వెళ్లేవారని చెప్పారు. పది రోజుల తర్వాత మాస్టారు ఆటోలో ఇంటికి వచ్చారు. ఊళ్లో అందరూ సంతోషించారు, అది అబద్ధం కాదు. బసవేశ్వరరావు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కానీ సమితికి ధర్మసంకటం వచ్చిపడింది. మాస్టారు బతికే ఉన్నారని రాస్తే ఆరో నియమం ఉల్లంఘించినట్టు, ప్రారంభోత్సవం చెల్లదు, రాజారత్నంగారు జెండా మళ్లీ ఊపాలి. దానికి మళ్లీ ఒక మనిషి కావాలి. ఎవరింట్లోంచి ఇస్తారు? అందుకని మినిట్సులో జరిగింది జరిగినట్టే, అంటే జరగాల్సినట్టే, రాసుకున్నారు. సమితి హాల్లో మాస్టారి ఫొటో పెట్టి, దండ వేసి, చిన్న ఎర్ర బల్బు వెలిగించారు.

సర్వసభ్య సమావేశానికి మాస్టారు చేతికర్ర పట్టుకుని వెళ్లారు. తన ఫొటో కింద కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంటే అందులో కూర్చున్నారు. తన వంతు వచ్చే దాకా ఆగి లేచి, ఊరికి ఒక అంబులెన్సు కావాలని చెప్పారు. ఆ మధ్యాహ్నం తనకు ఎంత భయం వేసిందో దాచకుండా చెప్పారు. ఎవరూ పోకముందే ఆసుపత్రికి చేర్చే బండి ఉండాలని, అది చూసేదాకా తనకు నిద్ర పట్టదని అన్నారు.

కాశీ నుంచి వచ్చిన రాజారత్నంగారు వేదిక మీద నుంచి ఓపిగ్గా విన్నారు. "మంచి ఆలోచనేనండి మాస్టారూ. కానీ పోయినవాళ్లకి చేస్తే ఒక్కసారితో సరి. బతికున్నవాళ్లకి చేస్తే మళ్లీ వస్తారు" అన్నారు. దాని బదులు శవాలను రెండు రోజులు చెడకుండా ఉంచే ఐసు పెట్టె ఇస్తానన్నారు. హాలు చప్పట్లతో మారుమోగింది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

"ఏకగ్రీవం ఏంటయ్యా? మా ఆయన వద్దని చెయ్యెత్తాడుగా, నేను చూశాను!" అని మాణిక్యాంబగారు గుమ్మంలోనే బసవేశ్వరరావుని నిలదీశారు.

"మేమూ చూశామండి పిన్నిగారూ" అన్నాడతను ఎంతో మర్యాదగా. "పోయినవారి చెయ్యి ఓట్లలో ఎలా లెక్కపెడతామండి?"