మెసెంజర్‌లో పంపకూడని తల

ఆ సోమవారం పొద్దున సుందరరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక మట్టి తలను బస్సులో నంద్యాల పంపాలి, అంతే. ఆళ్లగడ్డలో ఆయనది శిల్పాల కార్ఖానా. కిందటి నెల ఆపరేటర్ వందన కంప్యూటర్ మెసెంజర్‌లో కొత్త నంది ఫోటో పంపితే, అది చేతులు మారి, పక్క కార్ఖానాలో అదే నంది ముందుగా తయారైంది. అప్పటినుంచి ఆయన నెట్ వైరు పీకి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఈసారి రహస్యం మరీ పెద్దది. నంద్యాల రాజరత్నం మాస్టారికి తెలియకుండా పాత శిష్యులు ఆయన విగ్రహం చేయిస్తున్నారు. రాతిలో తల చెక్కేముందు మట్టి నమూనా వాళ్లకు చూపించాలి. బతికుండగా విగ్రహమంటే మండిపడే మనిషాయన. ముందే తెలిసిందంటే ఆర్డరు రద్దు. రాయి అప్పటికే కార్ఖానాలో దిగింది, సుందరరాజుకు అన్నం దిగడం లేదు.

"ఒక్క ఫోటో పంపితే అయిపోతాది గదా సార్," అంది వందన.

"మెసెంజర్‌లో పెడితే ఊరంతా చూస్తాది. మనిషి చేతికిస్తే ఎవురు చూస్తారమ్మా?"

మట్టి ఎండి పగలకుండా తలను తడిగుడ్డలో చుట్టి, గోనెసంచిలో పెట్టి, శిల్పి గురుస్వామికి అప్పగించాడు. "బస్టాండులో శిష్యుల సంఘమోళ్లు ఉంటారు, వాళ్లకు చూపించు. దోవలో ఎవురడిగినా ఏం చెప్పాకు."

గురుస్వామి మాట తప్పని మనిషి. అదే కొంప ముంచింది. శిరివెళ్ల దాటేసరికి సంచిలోంచి ఎర్రమట్టి నీళ్లు పక్కసీటు సారమ్మ చీర మీద కారాయి. ఆమె సంచిలోకి తొంగిచూసింది. చెవి కనబడింది.

"ఎవురి తలకాయన్నా ఇది?"

"పేరు చెప్పగూడదమ్మా."

"మరి... మొండెం?"

"ఆళ్లగడ్డలో ఉంది. ఇంగా చెక్కుతాండారు."

"దీన్ని యాడికి తీస్కపోతాండావ్?"

"నంద్యాలలో చూపించి, ఆ మనిషేనని అనిపించుకోవల్ల."

సారమ్మ కెవ్వుమంది. డ్రైవరు మరెక్కడా ఆపకుండా బస్సును నేరుగా నంద్యాల పోలీస్ స్టేషన్‌లోకి తోలాడు. దారిలో బస్సెక్కాల్సినవాళ్లు కూడా వెంటబడి వచ్చారు.

ఎస్సై దూరంగా నిలబడి లాఠీ కొసతో గుడ్డ తొలగించాడు. "అయ్యో, మా రాజరత్నం సారు!" అని అందరిముందూ భోరుమన్నాడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లూ, తన్నులు తిన్నవాళ్లూ అంతా ఏడుపందుకున్నారు. తలను గుర్తుపట్టడానికి ఇంట్లోవాళ్లెవరైనా రావాలని మాస్టారింటికి కబురు వెళ్లింది. ఇంట్లో ఉన్నది ఆయనొక్కడే. కాబట్టి ఆయనే వచ్చాడు.

ఏడుపులు ఠక్కున ఆగాయి. మాస్టారు వంగి తన తలను తేరిపార చూసుకున్నాడు.

"ఎవురు చేపిస్తాండారప్పా దీన్ని?"

"చెప్పగూడదు సార్," అన్నాడు గురుస్వామి. "అందులోనూ మీకు అసలు చెప్పగూడదు."

మాస్టారు ఎస్సై తడికళ్ల వంక చూశాడు. బతికుండగానే తనకోసం ఊరు ఏడవడం చూసే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది? ఆయన కోపం మరిచి తన ముక్కు తడుముకున్నాడు.

"ముక్కు కొంచెం తగ్గించప్పా. బేగా కానీయండి."

ఆర్డరు నిలబడింది. ఆ సాయంత్రానికి నంద్యాలలో ఆ తలను చూడనివాళ్లు ఇద్దరే మిగిలారు: బస్టాండులో ఇంకా కాచుకుని కూర్చున్న పాత శిష్యుల సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి.