భోజన్న పులులు, షావుకారు క్యారం బోర్డు

ఆర్మూర్ మార్కెట్ యార్డు ఎదుట ఇల్లున్న భోజన్న ఆ పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే: యార్డులో పసుపు అమ్మడానికి వచ్చే దోస్తు గంగాదాసు రాగానే పులి-మేక ఆటలో వాణ్ణి చిత్తుగా ఓడించడం. చిన్ననాడు అమ్మవారు పోసి చూపు పోయినా ఆయన ఆటకు వచ్చిన లోటేమీ లేదు. పీట మీద గీతలు లోతుగా చెక్కించుకున్నాడు. గుండ్రటి పసుపు దుంపలు పులులు, సన్నని కొమ్ములు మేకలు. వేళ్లతో ఒక్కసారి తడిమాడంటే ఏ మేకకు చావు మూడిందో తెలిసిపోయేది.

గంగాదాసు రాలేదు. రోడ్డు అవతల, పసుపు కొనే లక్ష్మీనర్సయ్య షావుకారు దుకాణంలోంచి 'టక్' మని చప్పుడొచ్చింది. వెనకే గంగాదాసు నవ్వు.

"ఏందే గా సప్పుడు?" అని భార్య నీలవ్వను అడిగాడు.

"షావుకారు క్యారం బోర్డు తెచ్చిండు గదా. నీ దోస్తు ఆడుతుండు. మస్తు మురుస్తుండు."

భోజన్న ఒళ్లు భగ్గుమంది. తనతో ఆడినన్నాళ్లూ మూలిగినవాడు అక్కడ పగలబడి నవ్వుతున్నాడు! క్యారంలో తెల్లదేదో నల్లదేదో తడిమితే తెలియదు. తాను వెళ్లి కూర్చునే ఆటా కాదది. ఉన్న ఒక్క జోడీనీ షావుకారు ఎగరేసుకుపోయాడు.

షావుకారుకు పని తగిలితే ఆట మూతపడుతుంది కదా! చాయ్ అమ్మే మంగవ్వ అటుగా వస్తే పిలిచి గొంతు తగ్గించాడు.

"మంగవ్వా, ఎవలకు చెప్పకు. మహారాష్ట్రల సాంగ్లీ నుంచి పెద్ద పెద్ద షావుకార్లు వస్తున్నరట. పసుపు ధర పెరుగుతదట."

ధర పెరిగేలోపే కొనాలని లక్ష్మీనర్సయ్య యార్డులోకి ఉరుకుతాడని ఆయన లెక్క. లెక్క తప్పలేదు, షావుకారు ఉరికాడు. కానీ మాట ఆయనకంటే ముందు ఉరికింది. యార్డు గేటు చేరేసరికి సాంగ్లీ లారీలు దారిలోని మాక్లూర్ కూడా దాటాయన్నారు, ధర రెట్టింపన్నారు. ఇక రైతులు అమ్ముతారా? సరుకంతా బండ్లకెత్తి ఇంటిదారి పట్టారు. అందరికంటే ముందు బండి కట్టినవాడు గంగాదాసు.

క్యారం చప్పుడు ఆగింది. భోజన్న మీసం దువ్వుకునేలోపే నీలవ్వ రొప్పుతూ వచ్చి అరుగు మీద బస్తాలు దించించింది.

"కాంటా కాడున్న మన పసుపు గూడ మర్లేసుకొచ్చిన. ధర పెరుగుతదట! గంగాదాసన్న ఆల్ల ఊరు మెండోరకు పాయె. ధర ఎక్కినంకనే వస్తడట."

"ఎవలన్నరే గా మాట?"

"ఎవలో తెలివిగల్లోడే అని ఉంటడు తియ్యి."

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటే ఇదే కాబోలు. పొద్దటిదాకా దోస్తు నవ్వైనా వినబడేది, ఇప్పుడు అదీ లేదు.

మర్నాడు అరుగు ముందు కిర్రు చెప్పులు ఆగాయి.

"భోజన్నా, యార్డుల ఒక్క బస్తా లేదు. నాకు పొద్దు పోతలేదు. క్యారం ఒక్కన్నే ఏం ఆడాలె? జర గీ పులి ఆట నేర్పరాదు," అన్నాడు లక్ష్మీనర్సయ్య షావుకారు.

భోజన్న కాదనలేదు. బస్తాల నడుమ పీట వేసి షావుకారు మేకల్ని ఊచకోత కోశాడు. షావుకారు ఓడినకొద్దీ మురిశాడు, మళ్లీ పేర్చాడు. ఓడి కూడా నవ్వేవాడితో ఆట ఇంత హాయిగా ఉంటుందని భోజన్నకు అప్పుడే తెలిసింది.

సాంగ్లీ నుంచి ఎవరూ రాలేదు. ధర ఉన్నచోటే ఉంది. రైతులు గొణుక్కుంటూ బస్తాలు మళ్లీ తెచ్చారు. గంగాదాసు వచ్చి చూస్తే, తన చోట షావుకారు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వాడి మొహం మాడిపోయింది.

"ఏందిరా భోజా! రెండొద్దులు లేకపోతే నా జాగ వేరేటోనికిస్తవా?"

"నాకేం కానస్తదిరా? నువ్వే అనుకున్న," అన్నాడు భోజన్న, షావుకారు మేకనొకదాన్ని తీసి పక్కన పడేస్తూ.

దుకాణం నుంచి గుమాస్తా కేకలేసినా షావుకారు లేవలేదు. భోజన్న లెమ్మనలేదు. కళ్లున్న గంగాదాసుకు ఆ పొద్దంతా చూడటమే పని అయింది.