కథానాయికను ముంచిందెవరు?

“ఆవిడ చావలేదు సార్. పెళ్ళి చేసుకుని ఊరు మారిపోయింది.”

ఎం.ఏ. ఆంగ్ల సాహిత్యం ఆఖరి మౌఖిక పరీక్షలో ఒక అమ్మాయి నోట ఈ మాట వినపడగానే గదిలో ఫ్యాను తప్ప అన్నీ ఆగిపోయాయి. శాఖాధ్యక్షుడి టీ కప్పు గాలిలోనే నిలిచింది. అంతవరకూ హాయిగా కునుకు తీస్తున్న బయటి పరీక్షకుడు కళ్ళు తెరిచాడు. ఆంగ్లంలో నడుస్తున్న పరీక్ష, ప్రమాదం ముంచుకురాగానే, అందరి క్షేమం కోరి తెలుగులోకి దిగింది.

“నదిలో దూకలేదంటావా?” అన్నాడు శాఖాధ్యక్షుడు.

“నవల్లో అసలు నదే లేదు సార్.”

విషయ తీవ్రత పాఠకులు గ్రహించాలి. ఆ శాఖలో పాఠ్యనవల కథానాయిక తరతరాలుగా ఆఖరి అధ్యాయంలో నదిలో దూకి చనిపోతూ వస్తోంది. ఏటా ఆ పాఠం రోజున శాఖాధ్యక్షుడు ఉతికిన రుమాలుతో క్లాసుకు వస్తాడు. దూకే చోటికి రాగానే దాన్ని కళ్ళకద్దుకుంటాడు. ముందు బెంచీల వాళ్ళు ఏడుస్తారు. ఏడిస్తే ఇంటర్నల్ మార్కులకు మంచిదని సీనియర్లు ముందే చెప్పి ఉంటారు. ఆ నది మీదే శాఖాధ్యక్షుడి డాక్టరేటు. అందులోని నీళ్ళ మీద ఒక లెక్చరర్ డాక్టరేటు. ఒడ్డు మీద ఇంకో లెక్చరరమ్మ పరిశోధన ప్రస్తుతం సాగుతోంది.

“ఇదంతా నీకెవరు చెప్పారమ్మా?”

“ఎవరూ చెప్పలేదు సార్. నవల చదివాను.”

“మొత్తమా?” అన్నాడు పరీక్షకుడు జాలిగా.

అమ్మాయి సంచిలోంచి లైబ్రరీ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. పెద్దలిద్దరూ కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకున్నారు.

ఈ పరీక్ష తప్పితే ఆ అమ్మాయికి ఏడాది పోతుంది. సోమవారం చేరాల్సిన టీచరు ఉద్యోగమూ పోతుంది. ఆ సంగతి శాఖాధ్యక్షుడికి తెలుసు. ఆయన దయగలవాడు.

“చనిపోయిందని ఒక్క మాట అను తల్లీ, పాస్ చేసేస్తాం. నీ సొమ్మేం పోయింది?”

“బతికున్న మనిషిని ఎలా చంపను సార్?”

ఇక తప్పలేదు. లెక్చరర్లందరితో అప్పటికప్పుడు విచారణ సంఘం ఏర్పడింది. పుస్తకాన్ని బల్ల మధ్యలో ఉంచారు. తెరిస్తే విచారణ నిష్పాక్షికత దెబ్బతింటుందని తెరవలేదు. పాఠకులు నవ్వకూడదు. మీరు గొప్పవని నలుగురిలో తలూపిన పుస్తకాల్లో ఎన్నింటి చివరి పేజీ చూశారో ఒకసారి గుర్తు చేసుకుని, తర్వాత నవ్వండి.

“ఆవిడ బతికిందన్నది రచయిత అభిప్రాయం మాత్రమే. విద్వాంసుల అభిప్రాయం వేరు,” అన్నాడు పరీక్షకుడు. సంఘం ఆయన సూక్ష్మబుద్ధిని అభినందించింది. ఇన్నేళ్ళుగా చనిపోయిన మనిషిని హఠాత్తుగా బతికిస్తే పాత విద్యార్థుల మనోభావాల గతేమిటని నీళ్ళ లెక్చరర్ ఆవేదన చెందాడు. తన ఒడ్డు ఏమైపోవాలని పరిశోధకురాలు ముక్కు చీదింది.

“మరి లేని నది ఎక్కణ్ణుంచి వచ్చింది సార్?” అంది అమ్మాయి.

శాఖాధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. “మిత్రులారా! సత్యమే ఈ శాఖకు ఊపిరి. అబద్ధం ఈ అమ్మాయిదైతే ఫెయిల్ చేద్దాం. కాదు, మన పాఠానిదే అయితే, దాన్ని పుట్టించినవాడి పట్టా రద్దు చేయిస్తాను. వాడు ఎంతటివాడైనా సరే, వదలను!”

చప్పట్లు మోగాయి. అమ్మాయి కూడా కొట్టింది.

దర్యాప్తు చకచకా సాగింది. లెక్చరర్లందరూ ఆ చావును శాఖాధ్యక్షుడి దగ్గరే నేర్చుకున్నారు. ఆయనకెవరు చెప్పారో ఎంత తల గోక్కున్నా ఆయనకు గుర్తు రాలేదు. ఆవిడ మరణం ఆయనకు పుట్టుకతోనే తెలిసినట్టుంది. ఇక మిగిలింది ఆయనకు పాఠం చెప్పి, ఎప్పుడో రిటైరైన పెద్ద మాస్టారు. ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టారు.

“ఆ నవలా? నేనెప్పుడు చదివానురా!” పెద్ద మాస్టారు హుషారుగా ఉన్నారు. “సిలబస్‌లో పెట్టింది నేనే. పెట్టినవాడే చదవాలంటే ఎలా? మీ బ్యాచ్‌లో ఒకడికిచ్చి, చదివి సెమినార్ చెప్పమన్నా. వెధవ, సగమే చదివాడు. పుస్తకం తిరిగిచ్చాక చూస్తే, తర్వాతి పేజీలు ప్రెస్సు నుంచి వచ్చినట్టే అంచులు కోయకుండా అంటుకుని ఉన్నాయి. మిగతా సగం అక్కడికక్కడే అల్లేశాడు. అబ్బ, ఏం దూకించాడురా! క్లాసంతా ఏడుపే. నిజం చెబితే అంత ఏడుపూ దండగైపోతుందని నేనూ నోరు మూసుకున్నా. ఫస్ట్ క్లాసిచ్చి ఉద్యోగం కూడా ఇప్పించా.”

లెక్చరర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. శాఖాధ్యక్షుడు ఆవేశంగా ఫోన్ మీదికి వంగాడు.

“వాడెవడో చెప్పండి మాస్టారూ! ఇక్కడ అందరం వింటున్నాం. ఈరోజుతో వాడి పట్టా పోయినట్టే!”

“వాడెవడేమిట్రా? ఆరోజు కళ్ళు తుడుచుకోడానికని నా రుమాలు పట్టుకుపోయి ఇంతవరకూ తిరిగివ్వనివాడివి... నువ్వే!”