చికెన్‌కి మూడు పరీక్షలు

కొత్త కాపురం చూడటానికి అత్తగారు మొదటిసారి భోజనానికి వస్తున్న రోజు అది. కోడలు ఎనిమిదింటికల్లా కొట్టుకు వెళ్లి డబ్బాలో కిలో చికెన్ తెచ్చింది. పెళ్లయి నలభై రోజులు. వంటింట్లో గరిటె తగిలించిన మేకును చూసుకున్నా ఆమెకు మురిపెమే. ఇవాళ అత్తగారి నోట 'బాగుంది' అనిపించుకోకపోతే తల ఎత్తుకోలేనని ఆమె పట్టుదల. పైగా కాలేజీలో చదివింది సూక్ష్మజీవుల గురించి.

భుజాన సంచి తీయకుండానే డబ్బా మూత తీసి పరీక్షలు మొదలుపెట్టింది. రంగు లేత గులాబీ, పాస్. వేలితో నొక్కితే గుంట పడి వెంటనే పూడింది, జిగురు లేదు, పాస్. వాసన చూద్దామని వంగింది. కుళ్లిన కంపు గుప్పుమంది.

జలుబుతో ముక్కు బిగుసుకుపోయిన భర్తను పిలిచి చూడమంది. నీ చేతి కమ్మదనమే వస్తోందని ఆయన మురిసిపోయాడు.

"వండకముందే కమ్మదనమేంటండీ? మీ అమ్మగారి ముందు నా పరువు తీద్దామనా?" అని, డబ్బా సంచిలో పడేసుకుని తిరిగి కొట్టుకు బయల్దేరింది.

కొట్టతను చికెన్ చూశాడు, నొక్కాడు. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నానని, ఇది ఏడింటికి కోసిందని చెప్పాడు. వాసన చూసి మాట్లాడమంటూ ఆమె బల్ల మీదికి వంగింది. అతనూ వంగాడు. వెంటనే ముఖం చిట్లించాడు. వరసలో ఉన్నవాళ్లు తలా ఒకసారి వాసన చూసి, ఒక్కొక్కరే జారుకున్నారు.

రోషమొచ్చి అతను ఆమె కళ్లెదుటే ఇంకో కోడిని కోసి, కాలు ముక్క ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. అదే కంపు.

"ఇప్పుడు కోసింది కూడా కుళ్లిందంటే, మీ కోళ్లు బతికుండగానే పాడయ్యాయన్నమాట."

"నా కోళ్లను అనకండమ్మా. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే చెప్పించండి. తప్పు నాదని తేలితే ఈ కొట్టే మూసేస్తా."

నువ్వెంతంటే నువ్వెంతనుకుని, చివరికి అతను షట్టరు దింపి ఆమె వెంట కదిలేసరికి పదకొండు దాటింది. అంతసేపూ డబ్బా బల్ల మీద ఎండలోనే ఉంది.

అత్తగారు అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఇద్దరూ ఒకేసారి మొర పెట్టుకున్నారు. ఆవిడ డబ్బా వంక చూడనేలేదు. కోడలి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, సంచి లోపలి జేబులో చెయ్యి పెట్టి ఒక ఉడికించిన గుడ్డు బయటికి తీశారు. పెంకు బీటలు వారింది. దాని మీద పెన్నుతో గీసిన కళ్లూ మీసాలూ మాత్రం చెక్కుచెదరలేదు.

పది రోజుల కిందట పార్కులో భర్త తన బొమ్మ గీసి చేతికిచ్చిన గుడ్డు అది. తినడానికి మనసొప్పక ఆమె దాచుకుంది. దాచుకున్న సంగతే మరిచిపోయింది.

"మావాడే," అన్నారు అత్తగారు, గుడ్డును దూరంగా పట్టుకుని. "పోలిక కుదిరింది."

కోడలి చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు నాదే, అన్నా. మీ చికెన్ మంచిదే," అంది నేల చూస్తూ.

కొట్టతను ఛాతీ విరుచుకున్నాడు. "అదీ మాట. పెద్దమ్మా, మీరూ ఒకసారి చూసి చెప్పండి."

అత్తగారు మూత తీసి వేలితో నొక్కారు. పడిన గుంట పడినట్టే ఉంది. వేలికి జిగురంటింది.

"పొద్దున మంచిదే నాయనా. మూడు గంటలు ఎండలో పెట్టి, ఇద్దరూ కలిసి పాడుచేశారు."

మధ్యాహ్నం కొట్టతనితో సహా అందరూ ఆమ్లెట్లే తిన్నారు. ప్రతి గుడ్డునూ పగలగొట్టేముందు అత్తగారు తిప్పి చూసుకున్నారు, కొడుకు లేడు కదా అని.